పోకెమాన్ వెండింగ్ మెషీన్‌లో ప్యాక్ కొనేటప్పుడు

అమెరికాలో క్రోగర్, సేఫ్‌వే లాంటి సూపర్ మార్కెట్లలో కనిపించే పోకెమాన్ మెషీన్లను పోకెమాన్ కంపెనీయే పెట్టించింది. వాటిలో పోకెమాన్ ఆట కార్డుల ప్యాక్‌లు అమ్ముతారు. ప్యాక్ కంపెనీ నిర్ణయించిన అసలు ధరకే, సీలు విప్పకుండా దొరుకుతుంది. మీ ఊళ్లో ఎక్కడున్నాయో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సరుకు ఎప్పుడు నింపుతారని స్టోరు వాళ్లని అడిగి లాభం లేదు, ఆ పని చేసే మనుషులు వేరు.

వెళ్లేముందు లెక్క తెలిసుండాలి. 2023లో మొదలైన స్కార్లెట్ అండ్ వయొలెట్ అనే కార్డుల సిరీస్‌లో బూస్టర్ ప్యాక్ (లోపల ఏ కార్డులున్నాయో తెలియని సీలు ప్యాక్) అసలు ధర 4.49 డాలర్లు ఉండేది. 6 ప్యాక్‌ల బూస్టర్ బండిల్ 26.94, అంటే ప్యాక్ 4.49కే పడేది, తగ్గింపేమీ లేదు. ఎలీట్ ట్రెయినర్ బాక్స్ అనే పెద్ద పెట్టె 49.99, అందులో 9 ప్యాక్‌లు, కాబట్టి ఒక్కోటి దాదాపు 5.55. ఆ తేడా 65 స్లీవ్‌లకీ (కార్డుకి వేసే ప్లాస్టిక్ తొడుగులు), డైస్‌కీ, పెట్టెకీ కట్టినట్టు. ఆడేవాళ్లకైతే అది దండగ కాదు. కేవలం కార్డుల కోసమైతే విడి ప్యాక్‌లే నయం. వీటిపైన రాష్ట్రాన్ని బట్టి పన్ను పడుతుంది.

మెషీన్ నోట్లు తీసుకోదు. క్రెడిట్ కార్డో డెబిట్ కార్డో ఉండాలి. తెర మీద బొమ్మ చూసి తొందరపడకండి: ఒకే సెట్ (సిరీస్‌లో ఒకసారి విడుదలైన కార్డుల గుంపు) పేరుతో ప్యాక్, బండిల్, పెట్టె మూడూ ఉంటాయి. డబ్బు కట్టేముందు సెట్ పేరు, ఎన్ని ప్యాక్‌లు, మొత్తం ఎంత, ఈ మూడూ చదవండి. రసీదుకి ఈమెయిల్ అడిగితే అక్షరం తప్పకుండా ఇవ్వండి, తర్వాత గొడవొస్తే చూపించడానికి అదే ఆధారం.

వస్తువు లోపలే ఇరుక్కుపోతే మెషీన్‌ని ఊపొద్దు, మళ్లీ డబ్బు కట్టొద్దు. తెరనీ, ఇరుక్కున్న వస్తువునీ, మెషీన్ మీది నంబరునీ ఫోటో తీసి కంపెనీ సపోర్ట్‌కి రాయండి. స్టోరు కౌంటర్‌లో డబ్బు వెనక్కివ్వరు. బ్యాంకు ఖాతాలో పెండింగ్ అని కనిపించే మొత్తం చాలాసార్లు కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. పోకపోతే అప్పుడు బ్యాంకుని అడగాలి.

చేతికొచ్చాక అక్కడే నిలబడి చూసుకోండి. ప్యాక్ పైనా కిందా అతుకు సమంగా, జిగురు మరకలు లేకుండా ఉండాలి. పెట్టె మూల నొక్కుకుపోయినా లోపలి కార్డులకి సాధారణంగా ఏమీ కాదు. సీలుతోనే దాచుకునేవాళ్లకి మాత్రం విలువ తగ్గుతుంది.

కంపెనీ పేరు లేకుండా ‘మిస్టరీ ప్యాక్’ అని అమ్మే మెషీన్ల సంగతి వేరు. అందులోవి చాలావరకు ఎవరో విప్పి మళ్లీ కట్టినవి. లోపల ఏముండొచ్చో, ఎన్నింటికి ఒకటి మంచి కార్డో రాసి లేకపోతే వదిలేయండి.

ప్యాక్‌ని కత్తెరతో కోయకండి, లోపలి కార్డు అంచు తెగొచ్చు. వెనక అతుకుని వేళ్లతో లాగితే తెరుచుకుంటుంది. మంచి కార్డు పడితే అంచులే పట్టుకుని ముందు మెత్తటి స్లీవ్‌లోకి, ఆ తర్వాతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి పెట్టండి. స్లీవ్ లేకుండా దూరిస్తే మెరిసే పైపొర మీద గీతలు పడొచ్చు.