బొమ్మ వస్తుంది, మాట రాదు: టీవీలో ఫైళ్లు ఆడనప్పుడు ఏం చేయాలి

ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టగానే మొరాయిస్తుంది. లేదా బొమ్మ వస్తుంది, మాట రాదు. అప్పుడు చాలామంది చేతికి దొరికిన కన్వర్టర్‌తో ఫైలు మొత్తాన్ని మార్చేసి, పాతదాన్ని తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేసిన (కొత్తగా కుదించిన) ప్రతిసారీ అందులోని వివరం కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. పైగా చాలా సమస్యలకు వీడియోను ముట్టుకోవాల్సిన అవసరమే ఉండదు. జబ్బు ఎక్కడుందో చూసుకుని అక్కడికే మందు వేస్తే చాలు.

ముందు ఫైలు లోపల చూడండి

ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి పెట్టెల పేర్లు మాత్రమే. వీటిని కంటైనర్లు అంటారు. పెట్టె లోపల బొమ్మను ఒక పద్ధతిలో, ధ్వనిని మరో పద్ధతిలో కుదించి పెడతారు. ఆ పద్ధతులే కోడెక్‌లు. ఒకే పేరున్న రెండు ఎంకేవీ ఫైళ్లలో ఒకటి ఆడి ఇంకొకటి ఆడకపోవడానికి కారణం ఇదే.

మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరవండి. ఉదాహరణకు ఇలా కనిపిస్తుంది: కంటైనర్ మట్రోస్కా, వీడియో హెచ్ఈవీసీ మెయిన్ 10, 3840×2160, సెకనుకు 23.976 ఫ్రేములు, ఆడియో డీటీఎస్ 6 ఛానెళ్లు, సబ్‌టైటిల్స్ పీజీఎస్. మట్రోస్కా అంటే ఎంకేవీయే. ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే రష్యా కొయ్యబొమ్మల మీదుగా ఆ పేరు వచ్చింది. చాలా కాలం కిందటి టీవీ ఈ ఒక్క ఫైలు దగ్గరే మూడు చోట్ల ఆగిపోవచ్చు: హెచ్ఈవీసీ తెలియక బొమ్మ రాకపోవచ్చు, డీటీఎస్ తెలియక శబ్దం రాకపోవచ్చు, పీజీఎస్ తెలియక సబ్‌టైటిల్స్ రాకపోవచ్చు. మూడింటికీ మందు వేరు.

"ఈ ఫైలు ఆడదు" అని టీవీ చెబుతోంది

మొదట అదే ఫైలును కంప్యూటర్‌లో వీఎల్‌సీతో ఆడించండి. అక్కడా ఆగిపోతే ఫైలే పాడైంది, మళ్లీ కాపీ చేసుకోవాలి. అక్కడ బాగానే ఉంటే వీడియో కోడెక్ చూడండి.

హెచ్.264, 8 బిట్ అని ఉందా? 2003లో వచ్చిన ఈ కోడెక్‌ను ఇప్పుడు వాడుకలో ఉన్న టీవీలు దాదాపు అన్నీ చదువుతాయి. కాబట్టి తప్పు పెట్టెది కావచ్చు. లోపలి సరుకును కదపకుండా పెట్టె మాత్రం మార్చడాన్ని రీమక్స్ అంటారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోకు, ఆడియోకు 'కాపీ' అని చెప్పి ఎంపీ4గా భద్రపరిస్తే కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు.

హెచ్.265 (హెచ్ఈవీసీ అన్నా అదే, 2013లో వచ్చింది) లేదా ఏవీ1 (2018) అని ఉంటే సంగతి వేరు. వీటిని విప్పే డీకోడర్ టీవీ చిప్‌లోనే ఉండాలి. లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తెచ్చి పెట్టలేదు. ఇక్కడ నా సలహా ఫైలును మార్చమని కాదు, టీవీ వెనుక హెచ్‌డీఎంఐకి ఆ కోడెక్ చదవగల చిన్న ప్లేయర్ పెట్టమని. ఒక్క పరికరం మారిస్తే వందల ఫైళ్లు అలాగే ఉంటాయి. అది కుదరకపోతేనే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో హెచ్.264కు మార్చండి. 1080పీ వీడియోకు ఆర్ఎఫ్ విలువ 20 నుంచి 24 మధ్య పెడితే బాగుంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు పరిమాణం రెండూ పెరుగుతాయి.

మరో మెలిక ఉంది. హెచ్.264 అనే ఉంటుంది, కానీ పక్కన 10 బిట్ అని ఉంటుంది. కంప్యూటర్ దాన్ని తన ప్రాసెసర్ బలంతో ఆడించేస్తుంది కానీ టీవీ చిప్‌లలో దీనికి దాదాపు ఎక్కడా చోటు లేదు. హెచ్.265లో మాత్రం 10 బిట్ మామూలే, దాన్ని చూసి భయపడక్కర్లేదు.

బొమ్మ వస్తోంది, శబ్దం లేదు

ఆడియో వరుసలో డీటీఎస్ లేదా ట్రూహెచ్‌డీ అని ఉంటే దొంగ దొరికినట్టే. చాలా టీవీల్లో వీటికి డీకోడర్ ఉండదు. వీడియోను 'కాపీ'గా ఉంచి ఆడియోను మాత్రం ఏసీ3కి, అంటే డాల్బీ డిజిటల్‌కు, మార్చండి. దాని గరిష్ఠ బిట్‌రేట్ సెకనుకు 640 కిలోబిట్లు, అదే పెట్టండి. రెండు స్పీకర్లే ఉంటే ఏఏసీ స్టీరియో చాలు. పాత డీటీఎస్‌ను తీసేయకుండా రెండో ట్రాక్‌గా ఉంచుకోండి, రేపు మంచి రిసీవర్ కొన్నప్పుడు పనికొస్తుంది.

సౌండ్‌బార్ ఉన్న ఇళ్లలో ఇంకో కారణం ఉంటుంది. ప్లేయర్ సెట్టింగుల్లో 'పాస్‌త్రూ' ఎంచుకుంటే అది ఆడియోను విప్పకుండా యథాతథంగా పంపేస్తుంది. అవతల సౌండ్‌బార్‌కు అది తెలియకపోతే నిశ్శబ్దమే. 'పీసీఎం' ఎంచుకోండి, ప్లేయరే విప్పి పంపుతుంది. ఆప్టికల్ కేబుల్ మీదుగా పీసీఎం అయితే రెండు ఛానెళ్లే వెళతాయి, 5.1 (ఆరు ఛానెళ్ల ధ్వని) కావాలంటే డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ రూపంలో కుదించి పంపాలి. ట్రూహెచ్‌డీ ఆ దారిన అసలు వెళ్లదు, టీవీ మీదుగా సౌండ్‌బార్‌కు పంపాలంటే ఈఏఆర్‌సీ (టీవీ నుంచి ధ్వనిని వెనక్కి పంపే సదుపాయం) ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు కావాలి.

మాటలు వినబడవు, పేలుళ్లు మాత్రం చెవులు పగలగొడతాయి

5.1 ధ్వనిలో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. ఆరు ఛానెళ్లను టీవీ తన రెండు స్పీకర్లలో కలిపేటప్పుడు ఆ మధ్య ఛానెల్ అణిగిపోతుంది. ప్లేయర్‌లో మధ్య ఛానెల్‌ను పెంచే ఎంపిక ఉంటే వాడండి. లేదంటే పెద్ద శబ్దాలను అణచే 'నైట్ మోడ్' పెట్టండి. ఫైలులో స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అన్నిటికంటే అదే మేలు.

పెదవులకు, మాటకు పొంతన లేదు

ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు వెతకండి: తేడా మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా?

ఒకేలా ఉంటే చాలాసార్లు ఫైలుది తప్పు కాదు. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి, బ్లూటూత్ స్పీకర్ శబ్దం అందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటాయి. ఆడియో డిలే సెట్టింగును కొద్దికొద్దిగా జరుపుతూ పెదవులు కలిసే చోట ఆపండి.

పెరుగుతూ పోతే కథ వేరు. మా అమ్మ పాట పాడుతుండగా ఫోనులో తీసిన తొమ్మిది నిమిషాల వీడియో ఉంది. మొదట్లో ఉన్న మాటలను కత్తిరించి, ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి తీసి టీవీలో పెట్టాను. పల్లవి దగ్గర పెదవులు సరిగ్గానే కలిశాయి. రెండో చరణానికి వచ్చేసరికి అమ్మ నోరు మూశాక కూడా స్వరం సాగుతోంది. చివర్లో దాదాపు ఒక సెకను తేడా. అసలు ఫైలును మీడియాఇన్ఫోలో తెరిచి చూస్తే 'ఫ్రేమ్ రేట్ మోడ్' ఎదురుగా 'వేరియబుల్' అని ఉంది. వెలుతురు తగ్గినప్పుడల్లా ఫోను సెకనుకు 30 ఫ్రేములకు బదులు తక్కువ తీసింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నీ 30 అనుకుని లెక్క కట్టింది. అసలు ఫైలును ముందు హ్యాండ్‌బ్రేక్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' 30 పెట్టి మార్చి, ఆ తర్వాత కత్తిరిస్తే చివరి స్వరం దాకా నిలిచింది. ఇది మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పని సందర్భం. ఆ రోజు అసలు ఫైలు తీసేసి ఉంటే ఆ పాటను బాగుచేసుకునే దారే ఉండేది కాదు.

ఆగి ఆగి నడుస్తోంది

ముందు లెక్క వేయండి. 60 జీబీ ఫైలు రెండు గంటల సినిమా అయితే సెకనుకు సగటున 67 మెగాబిట్లు. సగటు అంత ఉంటే, హడావుడి దృశ్యాల్లో 100 దాటిపోవచ్చు. చాలా టీవీల్లో నెట్‌వర్క్ కేబుల్ పోర్టు వేగం 100 మెగాబిట్లే. కేబుల్ వేస్తే తప్పకుండా మేలనుకుంటాం కానీ, ఇలాంటి ఫైళ్లకు మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే నయం. పెన్‌డ్రైవ్ నేరుగా పెట్టినా సరిపోతుంది.

ఇంట్లోని వీడియోలను నెట్‌వర్క్ మీదుగా టీవీకి పంపే జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి సర్వర్ వాడుతుంటే దాని డ్యాష్‌బోర్డులో చూడండి. 'ట్రాన్స్‌కోడ్' అని కనిపిస్తే సర్వర్ అప్పటికప్పుడు వీడియోను మారుస్తూ అలిసిపోతోందన్నమాట. తరచుగా దీనికి కారణం సబ్‌టైటిల్స్! పీజీఎస్ అంటే అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని టీవీ చూపించలేనప్పుడు సర్వర్ ప్రతి ఫ్రేమ్ మీదా అచ్చువేయాలి. అక్షరాలుగానే ఉండే ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు పెట్టి చూడండి, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

ఆగడం లేదు, కానీ కెమెరా పక్కకు జరిగేటప్పుడు బొమ్మ కుదుపుగా ఉందా? సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 60 సార్లు మారే తెర మీద చూపిస్తే ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు వస్తుంది. ప్లేయర్‌లో తెర వేగాన్ని వీడియోకు తగ్గట్టు మార్చే సెట్టింగును ఆన్ చేయండి.

రంగులు వెలిసిపోయాయి

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా ఉండే) వీడియోను మామూలు తెరకు తగ్గట్టు మార్చకుండా పంపితే బొమ్మ బూడిద పూసినట్టు ఉంటుంది. టీవీకి హెచ్‌డీఆర్ ఉన్నా, కొన్నిటిలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా అనుమతి ఇవ్వాలి. అది చూడండి. మనుషులు ఆకుపచ్చగా, ఊదాగా కనిపిస్తే అది డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకంలో ప్రొఫైల్ 5 కావచ్చు. అందులో మామూలు హెచ్‌డీఆర్ పొర ఉండదు కాబట్టి డాల్బీ విజన్ తెలిసిన ప్లేయరే కావాలి.

పెద్ద ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు

ఖాళీ ఉన్నా ఎక్కకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండవచ్చు. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. లోపలివి వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో ముందే చూసుకోండి.

తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలుగా వస్తున్నాయి

పిచ్చి గుర్తులు వస్తే ఎన్‌కోడింగ్ తప్పు. ఎస్ఆర్‌టీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా భద్రపరచండి. ఖాళీ డబ్బాలు వస్తే టీవీలో తెలుగు ఫాంటే లేదు. వత్తులు విడిపోయి కనిపించినా లోపం టీవీదే. తెలుగు ఫాంటు పెట్టుకోగల ప్లేయర్‌తో చూడండి. వేరే దారి లేకపోతే హ్యాండ్‌బ్రేక్‌లో సబ్‌టైటిల్స్‌ను బొమ్మ మీదే అచ్చువేయించవచ్చు, అయితే ఒక ప్రతి మీద మాత్రమే.

పాటల ఫైళ్లు

ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మారిస్తే ధ్వని మెరుగుపడదు. ఫైలు లావవుతుంది, అంతే. ఫ్లాక్ విలువంతా సీడీ నుంచో, క్యాసెట్ నుంచో మొదటిసారి దించేటప్పుడు ఉంది: ఏమీ పోగొట్టకుండా కుదిస్తుంది, పాట పేరు, గాయకుల వివరాలు కూడా లోపలే ఉంచుతుంది. ఫోను కోసం దాని నుంచి ఎప్పుడైనా ఎంపీ3 తీసుకోవచ్చు.

ఆగకుండా సాగే కచేరీ రికార్డింగులో ఒక పాటకు, తర్వాతి పాటకు మధ్య క్షణకాలం తెగుతుంటే, ఎంపీ3 తయారైనప్పుడు మొదట, చివర చేరిన చిన్న నిశ్శబ్దం దానికి కారణం. ప్లేయర్‌లో 'గ్యాప్‌లెస్' సెట్టింగు ఆన్ చేయండి. అప్పటికీ తెగుతుంటే, సీడీ ఇంకా మీ దగ్గరే ఉంటే, దాన్ని ఫ్లాక్‌లో మళ్లీ దించండి.