సీఐలో ఆటో కమిట్ మొరాయిస్తోందా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

ఫార్మాటర్ సర్దిన ఫైళ్లు, జనరేట్ అయిన డాక్యుమెంటేషన్, వెర్షన్ నంబర్ మారిన ఫైల్, ఇలాంటివన్నీ ప్రతిసారీ చేత్తో కమిట్ చేయడం ఎవరికైనా విసుగే. అందుకే సీఐ (కోడ్ పుష్ చేయగానే టెస్టులు, బిల్డ్ వాటంతటవే నడిపే ఏర్పాటు) వర్క్‌ఫ్లో చివర మూడు లైన్లు రాసేస్తాం: యాడ్, కమిట్, పుష్. మన మెషీన్‌లో రోజూ కొట్టే కమాండ్లే కదా, ఇందులో ఏముంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. ఆ మూడు లైన్లకి ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది, పైగా "సరిచేశాను", "మళ్లీ సరిచేశాను", "ఈసారి ఖాయం" అనే మెసేజ్‌లతో బోలెడన్ని కమిట్లు హిస్టరీలో అలాగే మిగిలిపోయాయి.

కింద రాసింది ఎక్కువగా గిట్‌హబ్ యాక్షన్స్ గురించి, గిట్‌ల్యాబ్‌లో తేడా ఉన్న చోట చెబుతాను. ఎర్ర గుర్తు కనబడగానే వర్క్‌ఫ్లో రాసిన యామల్ ఫైల్ కెలకడం మొదలుపెట్టకండి. లాగ్ తెరిచి ఏ కమాండ్ దగ్గర ఆగిందో చూడండి. కమిట్ దగ్గర ఆగితే ఒక రకం, పుష్ దగ్గర ఆగితే ఇంకో రకం, అంతా పచ్చగా ఉండి ఆ తర్వాత ఏమీ జరగకపోతే మూడో రకం. అసలు తలనొప్పి ఆ మూడోదే.

కమిట్ దగ్గర ఆగింది, ఎగ్జిట్ కోడ్ 128

లాగ్‌లో "ప్లీజ్ టెల్ మి హూ యు ఆర్" అని ఉంటుంది. రన్నర్ అంటే అప్పుడే పుట్టిన మెషీన్, దానికి మీ పేరూ తెలియదు, ఇ-మెయిలూ తెలియదు. కమిట్‌కి ముందు గిట్ కాన్ఫిగ్‌తో యూజర్ నేమ్, యూజర్ ఇ-మెయిల్ పెట్టేస్తే అయిపోయింది. గిట్‌హబ్ సొంత బాట్ బొమ్మ కమిట్ పక్కన రావాలంటే ఇ-మెయిల్‌లో బాట్ పేరుకి ముందు 41898282 అనే నంబరూ ఒక ప్లస్ గుర్తూ ఉన్న నోరిప్లై చిరునామా వాడాలి. అది లేకపోయినా కమిట్ మాత్రం అవుతుంది.

మారిందేమీ లేదు, అయినా జాబ్ ఫెయిల్

లాగ్‌లో "నథింగ్ టు కమిట్" అని ఉంటుంది. కమిట్ చేయడానికి ఏమీ లేకపోతే గిట్ ఎగ్జిట్ కోడ్ 1 ఇస్తుంది, సున్నా కాని ఏ కోడ్ వచ్చినా రన్నర్ ఆ స్టెప్‌ని ఫెయిల్ అనే అంటుంది. అంటే అంతా బాగున్న రోజే మీకు ఎర్ర గుర్తు.

దీనికి చాలామంది కమిట్ కమాండ్ చివర "లేకపోతే ట్రూ" (|| true, అంటే ఫెయిలైనా పాసైనట్టే చూపించు) అని తగిలించి చేతులు దులుపుకుంటారు. దయచేసి వద్దు. రేపు ఏదో హుక్ (కమిట్‌కి ముందు నడిచే స్క్రిప్ట్) నిజంగానే కమిట్‌ని ఆపేసినా అది కూడా పచ్చగానే కనబడుతుంది, మీకు తెలిసేది నెల తర్వాత. ముందు యాడ్ చేయండి, తర్వాత గిట్ డిఫ్‌ని క్యాష్డ్, క్వయట్ అనే రెండు ఆప్షన్లతో నడపండి. స్టేజ్ అయినదేమీ లేకపోతే 0, ఉంటే 1 వస్తుంది. దాన్ని ఒక ఇఫ్‌లో పెట్టి, ఉంటేనే కమిట్ చేయండి. యాడ్ చేయకుండా ఉత్త గిట్ డిఫ్ మీద ఆధారపడితే మార్పులు మాత్రమే కనబడతాయి, కొత్తగా పుట్టిన ఫైళ్లు దానికి కనబడవు. నేను ఒకసారి జనరేట్ అయిన పేజీలు ఎందుకు రావట్లేదో తెలియక జనరేటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా, తీరా చూస్తే తప్పు ఈ వరసలో ఉంది.

యాడ్ చేశాక కూడా ఫైల్ రాలేదంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, గిట్‌ఇగ్నోర్, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా. బిల్డ్ అవుట్‌పుట్ ఫోల్డర్ దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ అందులో ఉంటుంది. గిట్ చెక్-ఇగ్నోర్‌ని వెర్బోస్ ఆప్షన్‌తో ఆ ఫైల్ మీద నడిపితే ఏ ఫైల్‌లో ఏ లైన్ ఆపుతోందో చూపిస్తుంది. రెండోది, ఫైల్‌ని ఒక జాబ్‌లో మార్చి ఇంకో జాబ్‌లో కమిట్ చేయబోవడం. ప్రతి జాబ్‌కీ వేరే మెషీన్, మొదటి దాంట్లో మార్చింది రెండోదానికి చేరదు. ఆర్టిఫాక్ట్‌గా (ఒక జాబ్ దాచిపెట్టి ఇంకో జాబ్ తీసుకునే ఫైల్‌గా) పంపాలి, లేదంటే రెండూ ఒకే జాబ్‌లో చేయాలి.

పుష్ దగ్గర 403

"పర్మిషన్ డినైడ్ టు గిట్‌హబ్ యాక్షన్స్ బాట్" అని వస్తే కారణం టోకెన్‌కి (వర్క్‌ఫ్లో చేతిలో ఉండే పాస్‌వర్డ్ లాంటి తాళం) రాసే హక్కు లేకపోవడం. 2023 ఫిబ్రవరి నుంచి సొంత ఖాతాలో కొత్తగా పెట్టే రిపోలు, కొత్త ఆర్గనైజేషన్లలో వర్క్‌ఫ్లోకి దొరికే టోకెన్ డీఫాల్ట్‌గా చదవడానికే పనికొస్తుంది. పాత రిపోలో చక్కగా నడిచిన ఫైల్‌ని కొత్త రిపోలోకి కాపీ చేస్తే 403 రావడానికి మామూలు కారణం ఇదే. జాబ్‌లో పర్మిషన్స్ కింద కంటెంట్స్‌కి రైట్ ఇవ్వండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొత్తం రిపోకే రైట్ ఇచ్చేయొచ్చు కానీ, ఒక్క జాబ్ కోసం అన్ని వర్క్‌ఫ్లోలకీ తాళాలు ఇవ్వడం ఎందుకు?

ఇందులో ఒక మెలిక ఉంది. పర్మిషన్స్ అని ఒక్కటి రాశారంటే, మీరు రాయని మిగతావన్నీ దాదాపుగా సున్నా అయిపోతాయి. నిన్నటిదాకా పుల్ రిక్వెస్ట్ మీద కామెంట్ పెట్టిన స్టెప్ ఇవాళ కంటెంట్స్ రైట్ ఇచ్చాక ఆగిపోయిందంటే అదే సంగతి, దాని హక్కు కూడా పక్కన రాయండి. రీయూజబుల్ వర్క్‌ఫ్లో (వేరే వర్క్‌ఫ్లో పిలిచి వాడుకునేది) అయితే పిలిచే ఫైల్‌లో కూడా ఆ హక్కు ఉండాలి, పిలిచినవాడికి లేనిది లోపలివాడికి రాదు.

పర్సనల్ టోకెన్ తయారు చేసి, దాన్ని రిమోట్ యూఆర్‌ఎల్‌లో పెట్టినా 403 వస్తోందా? టోకెన్‌ని అనుమానించే ముందు రిపోలోని కోడ్‌ని రన్నర్‌లోకి తెచ్చే చెకౌట్ స్టెప్ చూడండి. చెకౌట్ యాక్షన్ తన డీఫాల్ట్ టోకెన్‌ని గిట్ కాన్ఫిగ్‌లో హెడర్ రూపంలో వదిలిపెడుతుంది, పుష్ చేసేటప్పుడు వెళ్లేది ఆ హెడరే, మీ యూఆర్‌ఎల్‌లో ఉన్నది కాదు. మీ టోకెన్‌ని చెకౌట్ స్టెప్‌లోని టోకెన్ ఇన్‌పుట్‌కే ఇవ్వండి, గొడవ వదిలిపోతుంది. దీనికి తిరగేసినట్టు, "కుడ్ నాట్ రీడ్ యూజర్‌నేమ్" అని వస్తే ఎవరో భద్రత కోసం చెకౌట్‌లో పర్సిస్ట్ క్రెడెన్షియల్స్‌ని ఫాల్స్ చేసి ఉంటారు. అప్పుడు పుష్‌కి ఏ టోకెనూ లేదు, మీరే ఇవ్వాలి.

మీరు మార్చింది వర్క్‌ఫ్లోల ఫోల్డర్‌లోని ఫైల్ అయితే కంటెంట్స్ రైట్ ఉన్నా పుష్ తిరస్కరిస్తారు. డీఫాల్ట్ టోకెన్‌కి ఆ హక్కు ఇవ్వడం కుదరదు. వర్క్‌ఫ్లో స్కోప్ ఉన్న వేరే టోకెన్ కావాలి, లేదా ఆ ఫోల్డర్‌ని ఫార్మాటర్ ముట్టుకోకుండా చేయండి. నేనైతే రెండోదే చేస్తాను.

ఇక ఫోర్క్ (వేరేవాళ్లు తమ ఖాతాలో పెట్టుకున్న మీ రిపో కాపీ) నుంచి వచ్చిన పుల్ రిక్వెస్ట్. అక్కడ పర్మిషన్స్‌లో మీరు ఏం రాసినా మామూలుగా టోకెన్ చదవడానికే ఉంటుంది, మీ సీక్రెట్లు కూడా రావు. ఇది లోపం కాదు, కావాలనే పెట్టింది. ఇంటర్నెట్‌లో వెతికితే పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే ఈవెంట్‌కి మారమనే సలహా దొరుకుతుంది. అది నిజంగానే పనిచేస్తుంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోడ్‌ని చెకౌట్ చేసి, రాసే హక్కున్న టోకెన్ చేతిలో పెట్టుకుని నడిపినట్టు అవుతుంది, వాళ్లు టెస్ట్ స్క్రిప్ట్‌లో ఒక లైన్ మారిస్తే చాలు. ఫోర్క్‌ల దగ్గర ఆటో కమిట్ ఆశ వదులుకోండి. తేడా ఉంటే జాబ్‌ని ఫెయిల్ చేసి, ఏ కమాండ్ నడిపి పుష్ చేయాలో మెసేజ్‌లో రాయండి. పంపినవాళ్లకి అర నిమిషం పని. అసలు నన్నడిగితే ఫార్మాటింగ్‌కి ఎక్కడైనా ఇదే మేలు, కానీ మా టీమ్‌లోనే నా మాట నెగ్గలేదు.

"మీరు ఏ బ్రాంచ్‌లోనూ లేరు"

డిటాచ్డ్ హెడ్. పుల్ రిక్వెస్ట్ ఈవెంట్‌లో చెకౌట్ అయ్యేది మీ బ్రాంచ్ కాదు, మీ బ్రాంచ్‌నీ మెయిన్‌నీ కలిపి గిట్‌హబ్ తయారు చేసిన తాత్కాలిక మెర్జ్ కమిట్. దానికి బ్రాంచ్ పేరే లేదు కాబట్టి ఎక్కడికి పుష్ చేయాలో గిట్‌కి తెలియదు. చెకౌట్‌లో రెఫ్ దగ్గర హెడ్ రెఫ్ (అంటే మీ బ్రాంచ్ పేరు) ఇవ్వండి. అలా కాకుండా "హెడ్‌ని ఫలానా బ్రాంచ్‌కి పుష్ చెయ్" అని బలవంతంగా తోస్తే పుష్ అయితే అవుతుంది, కానీ ఆ మెర్జ్ కమిట్ కూడా మీ బ్రాంచ్‌లోకి వచ్చి కూర్చుంటుంది, ఇది ఎక్కడినుంచి వచ్చిందని రివ్యూ చేసేవాళ్లు అడుగుతారు. గిట్‌ల్యాబ్‌లో మామూలు బ్రాంచ్ పైప్‌లైన్‌లో కూడా హెడ్ డిటాచ్డ్‌గానే ఉంటుంది, అక్కడ మాత్రం హెడ్‌ని బ్రాంచ్ పేరుకి పుష్ చేయడమే సరైన పద్ధతి.

"రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్"

మీ జాబ్ నడుస్తున్న నాలుగు నిమిషాల్లో ఇంకెవరో అదే బ్రాంచ్‌కి పుష్ చేశారు. ఫోర్స్ పుష్ చేశారంటే వాళ్ల పని తుడిచిపెట్టుకుపోతుంది, బాట్ చేతికి ఫోర్స్ ఎప్పుడూ ఇవ్వకండి. పుష్‌కి ముందు పుల్‌ని రీబేస్‌తో చేయండి, మీ కమిట్ వాళ్ల కమిట్ల పైకి చేరుతుంది. చెకౌట్ మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది, హిస్టరీ చాలక రీబేస్ తడబడితే ఫెచ్ డెప్త్‌కి 0 ఇచ్చి మొత్తం తెప్పించండి.

ఇది తరచూ జరుగుతుంటే ఢీకొంటున్నది మీ రన్‌లే కావచ్చు. కాంకరెన్సీ గ్రూప్ పెడితే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, కాకపోతే డీఫాల్ట్‌గా క్యూలో ఒక్కటే ఆగుతుంది, ఇంకోటి వస్తే ముందు ఆగినది రద్దవుతుంది. మ్యాట్రిక్స్‌లో (ఒకే జాబ్‌ని వేర్వేరు సెట్టింగులతో ఒకేసారి నడిపేది) మూడు జాబులూ విడివిడిగా పుష్ చేసేలా రాసి ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు, అన్నీ ఆర్టిఫాక్ట్‌లుగా తెచ్చి చివర ఒకే జాబ్‌లో కమిట్ చేయండి.

కమిట్ పడింది, కానీ దాని మీద టెస్టులు నడవలేదు

నేను ఎక్కువ సమయం పోగొట్టుకున్నది ఇక్కడ. బాట్ కమిట్ బ్రాంచ్‌లో కనబడుతోంది, ఎర్రర్ ఎక్కడా లేదు, కానీ పుల్ రిక్వెస్ట్‌లో తప్పనిసరి చెక్‌లు "స్టేటస్ కోసం ఎదురుచూస్తున్నాం" అంటూ గంటల తరబడి పసుపు చుక్కలతో ఉండిపోయాయి. డీఫాల్ట్ టోకెన్‌తో చేసిన పుష్ కొత్త వర్క్‌ఫ్లోని మొదలుపెట్టదు. తనని తానే పిలుచుకుంటూ అనంతంగా తిరగకుండా గిట్‌హబ్ పెట్టిన అడ్డుకట్ట ఇది. వర్క్‌ఫ్లో డిస్పాచ్, రిపాజిటరీ డిస్పాచ్ అనే రెండిటికి మినహాయింపు ఉంది.

టెస్టులు నడవాలంటే వేరే గుర్తింపుతో పుష్ చేయాలి. పర్సనల్ టోకెన్ తేలిక, కానీ అది ఒక మనిషి పేరున ఉంటుంది, ఆయన టీమ్ వదిలి వెళ్లిన రోజు పైప్‌లైన్ కూడా ఆయనతో పాటే వెళ్తుంది. రాసే హక్కున్న డిప్లాయ్ కీ (రిపోకి జతచేసే ఎస్ఎస్‌హెచ్ కీ) ఒక్క రిపోకే పరిమితం, చిన్న ప్రాజెక్టుకి సరిపోతుంది. టీమ్ అయితే ఒక గిట్‌హబ్ యాప్ పెట్టుకుని, ప్రతి రన్‌లో దాని టోకెన్ తీసుకోండి, గంటలో దానంతటదే చెల్లకుండా పోతుంది.

గుర్తింపు మార్చారు, బాగుంది, ఇప్పుడు అడ్డుకట్ట కూడా పోయింది. కమిట్ వల్ల రన్, రన్ వల్ల కమిట్. నేను సాయంత్రం పెట్టి వెళ్లిపోయిన వర్క్‌ఫ్లో తెల్లవార్లూ తిరుగుతూనే ఉంది, ఎందుకంటే జనరేట్ అయిన ఫైల్ పైన "ఫలానా సమయానికి తయారైంది" అనే లైన్ ఉంది, సమయం ప్రతిసారీ మారుతుంది కదా! కమిట్ మెసేజ్‌లో స్కిప్ సీఐ అని పెడితే ఆగుతుంది కానీ, తప్పనిసరి చెక్‌లు ఉన్న చోట మళ్లీ అదే పసుపు చుక్క, అలా దాటేసిన వర్క్‌ఫ్లో చెక్ పెండింగ్‌లోనే ఉంటుంది. ఫలానా ఫైళ్లు మారితే నడవొద్దని చెప్పే పాత్స్ ఇగ్నోర్‌కీ ఇదే జబ్బు. జాబ్ దగ్గర ఇఫ్ షరతు పెట్టి దాటేస్తే మాత్రం చెక్ పాసైనట్టే లెక్క. కాబట్టి "నడిపింది బాట్ అయితే వద్దు" అనే షరతుని కమిట్ చేసే జాబ్‌కే పెట్టండి. పొరపాటున టెస్ట్ జాబ్‌కి కూడా పెట్టారంటే టెస్ట్ కాని కమిట్‌కి పచ్చ గుర్తు ఇచ్చినట్టే. గిట్‌ల్యాబ్‌లో పైప్‌లైన్ అక్కర్లేదనుకుంటే పుష్ కమాండ్‌కే సీఐ స్కిప్ అనే పుష్ ఆప్షన్ ఇవ్వొచ్చు, మెసేజ్ శుభ్రంగా ఉంటుంది.

జీహెచ్006, ప్రొటెక్టెడ్ బ్రాంచ్

మెయిన్‌కి నేరుగా పుష్ చేయకూడదని మీరే రూల్ పెట్టారు, బాట్‌కీ అదే వర్తిస్తుంది. ఆ రూల్‌ని దాటే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో మీ యాప్‌ని చేర్చొచ్చు. అంతకన్నా ఆ మార్పులతో బాట్ చేత ఒక పుల్ రిక్వెస్ట్ తెరిపించడం మంచిది. అదీ కుదరట్లేదంటే పుల్ రిక్వెస్ట్స్ హక్కు రాశారో లేదో, ఆ తర్వాత యాక్షన్స్ సెట్టింగ్స్‌లో పుల్ రిక్వెస్టులు తెరవడానికి అనుమతి అనే చెక్‌బాక్స్ ఖాళీగా ఉందేమో చూడండి.

కంటైనర్‌లో "డ్యూబియస్ ఓనర్‌షిప్"

ఫోల్డర్ ఒక యూజర్‌ది, గిట్ నడుపుతున్నది ఇంకో యూజర్. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి ఇలా ఉంటే గిట్ ముందుకు కదలదు. గ్లోబల్ కాన్ఫిగ్‌లో సేఫ్ డైరెక్టరీగా ఆ ఫోల్డర్ పూర్తి పాత్ చేర్చండి, చాలు.

ఎవరూ ఏమీ మార్చలేదు, అయినా రోజూ ఒక కమిట్

సమయం రాసిన లైన్ సంగతి పైన చెప్పాను, దాన్ని తీసేయండి. తర్వాతి అనుమానం లైన్ ఎండింగ్స్, అంటే ప్రతి లైన్ చివర ఉండే కనబడని గుర్తులు. ఫైల్ మొత్తం ఎర్రగా, మళ్లీ మొత్తం పచ్చగా డిఫ్‌లో కనబడి, చదివితే ఒక్క అక్షరం తేడా లేకపోతే అదే. ఒకరు విండోస్, రన్నర్ లినక్స్. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఏది వాడాలో రాసి, ఒకసారి అన్నిటినీ రీనార్మలైజ్ చేసి కమిట్ చేయండి. అది కూడా కాకపోతే ఫార్మాటర్ వెర్షన్ చూడండి: రన్నర్‌లో "లేటెస్ట్" అని ఉంటుంది, మీ దగ్గర ఆరు నెలల కిందటిది ఉంటుంది, అది కామా పెడుతుంది, ఇది తీసేస్తుంది. రెండు చోట్లా ఒకే వెర్షన్ నంబర్ రాసిపెట్టి, వర్క్‌ఫ్లోని మార్పేమీ లేకుండా వరసగా రెండుసార్లు నడపండి. రెండోసారి కమిట్ పడిందంటే ఇంకా ఏదో మిగిలే ఉంది, ఆ డిఫ్ తెరిచి చూడండి.