షేర్ బటన్ నొక్కకముందే ఏం వెళ్లిపోతోంది? పట్టుకుని, పీకేసి, బదులు పెట్టుకునే పద్ధతి

సైట్లో అతికించుకోమని ఉచితంగా షేర్ బటన్లు ఇచ్చే కంపెనీల్లో చాలావాటికి డబ్బు వచ్చేది పేజీ చూసేవాళ్ల వివరాల నుంచి. అందుకు ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. పేజీ తెరవగానే వాళ్ల స్క్రిప్ట్, అంటే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రామ్, దిగుతుంది. పాఠకుడి ఐపీ అడ్రస్, బ్రౌజర్ రకం, కుకీలోని (సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారంలోని) గుర్తింపు సంఖ్య అటు చేరిపోతాయి. ఆడ్‌దిస్ అనే కంపెనీ కుకీలతో ఆగకుండా, బ్రౌజర్ చేత కంటికి కనిపించని బొమ్మ గీయించి, ఆ గీతల్లోని తేడాను బట్టి కంప్యూటర్‌ను గుర్తుపడుతోందని 2014లో పరిశోధకులు బయటపెట్టారు. 2016లో ఒరాకిల్ ఆ కంపెనీని కొని, 2023 మేలో మూసేసింది.

మీ సైట్ సంగతి తేల్చుకోవడానికి పావుగంట చాలు. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘ప్రిజర్వ్ లాగ్’కు టిక్ పెట్టి పేజీ తెరవండి. బటన్ల జోలికి పోకుండా చివరిదాకా స్క్రోల్ చేయండి, కొన్ని స్క్రిప్టులు అప్పుడే నిద్ర లేస్తాయి. థర్డ్ పార్టీ ఫిల్టర్ పెడితే మీవి కాని డొమైన్లే మిగులుతాయి.

ఇక్కడ పొరపడేవి రెండు. రెఫరర్‌లో, అంటే రిక్వెస్ట్ ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే వరుసలో, డొమైన్ పేరే వెళ్తోంది కదా అనుకుంటారు. నిజమే, ఇప్పటి బ్రౌజర్లు బయటి సైట్లకు అంతవరకే పంపుతాయి. కానీ మీ పేజీలో నడిచే స్క్రిప్ట్ పూర్తి అడ్రస్‌ను తానే చదివి పంపగలదు, కాబట్టి ఆ రిక్వెస్ట్ విప్పి పేలోడ్ (అందులో పంపిన డేటా) చూడండి. రెండోది, థర్డ్ పార్టీ కుకీ (బయటి డొమైన్ పేరు మీద ఉండే కుకీ) కనబడలేదని సంబరపడటం. ఆ స్క్రిప్ట్ మీ డొమైన్ పేరు మీదే కుకీ పెట్టగలదు, బ్రౌజర్ దాన్ని సొంతదిగానే లెక్కేస్తుంది. అప్లికేషన్ ట్యాబ్‌లో మీ డొమైన్ కిందున్న కుకీల్లో మీరు పెట్టనివి ఏవో వెతకండి.

తీసేసేటప్పుడు, బటన్లు తెచ్చిన ప్లగిన్ ఒక్కటే డిలీట్ చేస్తే సరిపోదు. థీమ్ ఫుటర్‌లో, ట్యాగ్ మేనేజర్‌లో (బయటి స్క్రిప్టులను ఒకేచోట నుంచి సైట్‌కు చేర్చే సాధనంలో), పాత పోస్టుల లోపల కూడా అదే స్క్రిప్ట్ ఉండొచ్చు. డేటాబేస్‌లో ఆ డొమైన్ పేరుతో వెతికి తీసేసి, క్యాష్ (దాచి ఉంచిన పాత పేజీల కాపీలు) ఖాళీ చేసి మళ్లీ పరీక్షించండి. మూతపడ్డ కంపెనీదే కదా, ఉంటే ఏం అనుకోవద్దు. చాలా సైట్లు స్క్రిప్ట్ తెచ్చుకునే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ చేతులు మారాక, 2024లో దాన్ని ఇంకా పిలుస్తున్న సైట్లలోకి హానికర కోడ్ వచ్చిపడింది.

బదులు పెట్టాల్సింది మామూలు లింకు. వాట్సాప్‌కు ‘డబ్ల్యూఏ డాట్ ఎంఈ’ అడ్రస్‌లో టెక్స్ట్ పారామీటర్ (అడ్రస్ చివర ప్రశ్న గుర్తు తర్వాత చేర్చే విలువ), ఫేస్‌బుక్‌కు ‘షేరర్ డాట్ పీహెచ్‌పీ’లో యూ పారామీటర్. నొక్కితే తప్ప ఎవరికీ ఏమీ వెళ్లదు. షేర్ల లెక్క కనబడదు, నిజమే. 3 అని చూపించే బటన్ కంటే అదే నయం.

ఎక్కువగా తప్పేది ఎన్‌కోడింగ్ దగ్గర, అంటే అక్షరాలను లింకులో ఇమిడే % కోడ్‌లుగా మార్చే చోట. శీర్షికలో & గానీ # గానీ ఉంటే అది అక్కడే తెగిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో ‘ఎన్‌కోడ్ యూఆర్ఐ’ ఈ రెండు గుర్తుల్నీ ముట్టుకోదు, ‘ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్’ వాడాలి. అప్పుడు ‘తెలుగు’ అన్న ఒక్క మాటే 54 అక్షరాలవుతుంది. కంగారు పడక్కర్లేదు, అలాగే ఉండాలి. లింకులో వరుసగా %25 కనబడితే మాత్రం రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందన్నమాట.

ఫోన్లలో బ్రౌజర్ సొంత షేర్ మెనూ ఇంకా సుఖం. హెచ్‌టీటీపీఎస్ ఉండాలి, పాఠకుడు నొక్కినప్పుడే పిలవాలి, పేజీ తెరవగానే పిలిస్తే బ్రౌజర్ ఒప్పుకోదు. అన్ని డెస్క్‌టాప్ బ్రౌజర్లలోనూ అది లేదు గనుక లింకులు ఎలాగూ ఉంచాలి. పాఠకుడు మెనూ మూసేస్తే ‘అబార్ట్ ఎర్రర్’ వస్తుంది, దానికి ఎర్రర్ మెసేజ్ చూపించకండి.

రేపు ఇంకో ప్లగిన్ అదే స్క్రిప్ట్‌ను దొడ్డిదారిన తేకుండా కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్ (పేజీలో ఎక్కడి స్క్రిప్టులు నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పే సర్వర్ ఆదేశం) పెట్టి, స్క్రిప్టులకు మీ డొమైన్‌ను మాత్రమే అనుమతించండి. మొదటి వారం దేన్నీ ఆపకుండా ఫిర్యాదు మాత్రమే చేసే ‘రిపోర్ట్ ఓన్లీ’లోనే నడపండి, లేకపోతే పేమెంట్ ఫారమో వీడియోనో ఆగిపోయాక గానీ తెలియదు.