పీజీకి యూనివర్సిటీ ఎంచుకునే ముందు ఒక మంగళవారం వెళ్లి చూసి రండి

జనవరి వచ్చిందంటే చాలు, మా కాలేజీ ఫైనలియర్ బీఎస్సీ పిల్లలు ఒక్కొక్కరే స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడతారు. "మేడమ్, పీజీకి ఎక్కడైతే మంచిది?" అని అడుగుతారు. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పది నిమిషాల ఇంటర్వెల్‌లో తేలే విషయం కాదిది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీవే. ఎమ్మే చేయాలనుకునేవాళ్లు ల్యాబ్ అన్నచోటల్లా లైబ్రరీ అనుకోండి.

ముందుగా నేను గట్టిగా నమ్మే మాట చెబుతాను. దరఖాస్తు పెట్టే ముందే, పని రోజున, క్లాసులు జరిగే సమయంలో, చేరాలనుకున్న డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి కళ్లారా చూసి రండి. ఆదివారం వెళ్తే చెట్లు, బిల్డింగులు కనిపిస్తాయి. మంగళవారం పదకొండు గంటలకు వెళ్తే చదువు కనిపిస్తుంది.

మాది కల్వకుర్తి దగ్గర పల్లెటూరు. 2014 ఫిబ్రవరిలో మా నాన్న పత్తి అమ్మిన డబ్బుల్లోంచి దారి ఖర్చులు తీసి, నన్ను రెండు క్యాంపస్‌లు చూపించడానికి తీసుకెళ్లాడు. మొదటి చోట కెమిస్ట్రీ ల్యాబ్ తలుపు తీసే ఉంది. టైమ్‌టేబుల్‌లో ఆ పూట ప్రాక్టికల్స్ అని రాసి ఉంది. లోపల అటెండర్ ఒక్కడే ఉన్నాడు. "ఏం గావాలె బిడ్డా?" అన్నాడు. చూసి పోదామని వచ్చామంటే, చూడమన్నాడు. బల్లలు శుభ్రంగా తుడిచి ఉన్నాయి. బ్యూరెట్లు వరసగా స్టాండ్లకు బిగించి ఉన్నాయి. నేను సింకు దగ్గరికి వెళ్లాను. సింకు పొడిగా ఉంది. అడుగున సన్నటి దుమ్ము, ఒక ఎండిన సాలెపురుగు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రాక్టికల్ అయ్యే పూట సింకు పొడిగా ఉండటం అనేది జరగని పని. కడగాల్సిన గాజు సామాను లేదంటే ప్రయోగం జరగట్లేదనే అర్థం.

మర్నాడు గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)కి వెళ్లాం. ఎంజీబీఎస్‌ బస్టాండ్ నుంచి సిటీ బస్సులోనే గంటన్నర పట్టింది. అక్కడ స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ కారిడార్‌లోకి అడుగు పెట్టగానే ఎసిటోన్ వాసన. ఒకమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని ఫ్లాస్కులు కడుగుతోంది. ఆప్రాన్ మీద గోధుమ రంగు మరకలు. ఏం అడగాలో తెలియక "అక్కా, ఇక్కడ రోజూ ల్యాబ్ ఉంటుందా?" అన్నాను. "వారంలో ఎక్కువ మధ్యాహ్నాలు ల్యాబే. చీకటి పడేసరికి కాళ్లు లాగుతాయి" అంది. కాళ్లు లాగుతాయని చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఒక సంతోషం ఉంది. చేరితే ఇక్కడే చేరాలని నాకప్పుడే అనిపించింది.

మీరు వెళ్లినప్పుడు సింకు ఒక్కటే చూసి తిరిగి రావద్దు. నోటీసు బోర్డు చూడండి. దాని మీద ఈ నెల సెమినార్ కాగితం ఉందా, రెండేళ్ల కిందటి పరీక్ష ఫీజు నోటీసే ఇంకా వేలాడుతోందా? డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్ ప్రొఫెసర్లు ఎంతమంది, పార్ట్‌టైమ్ వాళ్లు ఎంతమంది అన్నది తలుపుల మీద పేర్లు లెక్కపెట్టి, విద్యార్థులను అడిగితే తెలిసిపోతుంది. పార్ట్‌టైమ్ వాళ్లలో చాలా గొప్పగా చెప్పేవాళ్లు ఉన్నారు, నేనూ అలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నాను. కానీ ప్రాజెక్టు గైడ్‌గా రెండేళ్లూ మీ వెంట ఉండేది సాధారణంగా రెగ్యులర్ వాళ్లే. సీనియర్లను రెండు ప్రశ్నలు అడగండి: పోయినేడు బయటికి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? రీసెర్చ్ ఫెలోషిప్‌కి, లెక్చరర్ అర్హతకి రాసే సీఎస్‌ఐఆర్ నెట్ ఎంతమందికి వచ్చింది? జవాబు వెంటనే వస్తే మంచి గుర్తు. ఎవరికీ ఏమీ తెలియకపోతే అదీ ఒక జవాబే.

నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ గ్రేడు, కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు గురించి అందరూ అడుగుతారు. అవి చూడండి, కానీ అవి ప్రధానంగా మొత్తం సంస్థకు ఇచ్చేవి. పెద్ద ర్యాంకున్న చోట మీ డిపార్ట్‌మెంట్ నీరసంగా ఉండొచ్చు, పేరు లేని చోట బాగుండొచ్చు. సిలబస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ప్రింట్ తీసుకుని మీ డిగ్రీ సార్‌కి చూపించండి. స్టేట్ యూనివర్సిటీలు చాలావాటిలో రెండో ఏడు ఆర్గానిక్, అనలిటికల్ అంటూ స్పెషలైజేషన్ ఉంటుంది. పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల వైపు ఫార్మా కంపెనీల్లో ఉద్యోగం కావాలనుకునేవాళ్లు ఆర్గానిక్ సీట్లు ఎన్ని ఉన్నాయో ముందే కనుక్కోండి.

ఇక పరీక్షలు. సెంట్రల్ యూనివర్సిటీలకు ఇప్పుడు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ఎంట్రన్స్. ఇది 2022లో మొదలైంది. మేం రాసినప్పుడు హెచ్‌సీయూకి సొంత ఎంట్రన్స్ ఉండేది. పిల్లలు ఎక్కువగా దెబ్బ తినేది ఒక్కచోటే: సీయూఈటీ స్కోరు వచ్చాక పనైపోయిందనుకుంటారు. కాలేదు. ఏ యూనివర్సిటీలో సీటు కావాలో దాని వెబ్‌సైట్‌లో మళ్లీ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. మంచి స్కోరు పెట్టుకుని ఈ రెండో అడుగు వేయక సీటు పోగొట్టుకున్న అమ్మాయి మా కాలేజీలోనే ఉంది. తెలంగాణ స్టేట్ యూనివర్సిటీలకు ఉస్మానియా నిర్వహించే సీపీగెట్ ఉంది, ఆంధ్రలో ఏపీ పీజీసెట్ ఉంది. సైన్స్ వాళ్లు ఐఐటీ జామ్ కూడా రాయండి. దాని స్కోరుతో ఐఐటీలే కాదు, వరంగల్ లాంటి ఎన్‌ఐటీల్లో కూడా ఎమ్మెస్సీ సీట్లు వస్తాయి.

కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీలను వరసగా పెట్టే వెబ్ ఆప్షన్ల దగ్గర ఒక భయం అందరిలో చూస్తాను. "నా ర్యాంకుకి రాదు కదా మేడమ్, మొదట పెడితే ఆప్షన్ వేస్ట్ అవుతుందేమో" అంటారు. అవ్వదు. కంప్యూటర్ మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ లిస్టు పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ఖాళీ ఉన్న మొదటి చోట ఆగుతుంది. కాబట్టి వచ్చే సీటును ముందు పెట్టకండి, కావలసిన సీటును ముందు పెట్టండి. చచ్చినా చేరనన్న కాలేజీని మాత్రం లిస్టులో అసలు పెట్టకండి. ఇంకొకటి, రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు పక్కపక్కనే కనిపిస్తాయి, ఫీజులో చాలా తేడా ఉంటుంది. కోడ్ రెండుసార్లు చదివాకే సేవ్ నొక్కండి.

సర్టిఫికెట్ల విషయంలో బీసీ పిల్లలు బాగా జాగ్రత్తపడాలి. మన రాష్ట్రం ఇచ్చే బీసీ-ఎ, బీసీ-డి సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీలో పనికిరాదు. అక్కడ కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ అడుగుతారు. మీ కులం కేంద్రం ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి, ఓబీసీది కూడా చాలాచోట్ల అలాగే అడుగుతారు. కాబట్టి ఏప్రిల్ 1 దాటగానే మీసేవకు వెళ్లి పెట్టేయండి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. వేరే యూనివర్సిటీకి మారేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి, దానికీ రోజులు పడతాయి.

ఒరిజినల్స్ గురించి నాకు జరిగింది చెప్పాలి. హెచ్‌సీయూ లిస్టు ఆలస్యమవుతుందేమోనని భయపడి నేను ముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టి, టీసీ, మెమోలు ఇచ్చేశాను. పది రోజులకు హెచ్‌సీయూలో సీటొచ్చింది. ఆ కాలేజీ వాళ్లు మొత్తం కోర్సు ఫీజు కడితే తప్ప టీసీ ఇవ్వమన్నారు. మా నాన్న మూడు రోజులు ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి టీసీ ఇచ్చారు, కట్టిన డబ్బు మాత్రం రాలేదు. ఇప్పుడు మీకు ఆ గతి పట్టకూడదు. సర్టిఫికెట్లు చూసి, పోల్చుకుని వెనక్కి ఇచ్చేయాలే తప్ప దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ఫీజు వాపసుకూ లెక్క పెట్టింది: అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే మొత్తం, ఆ తర్వాత చివరి తేదీ లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల్లోపు 80, నెల లోపు 50 శాతం. ఆ నోటిఫికేషన్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి, సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రసీదు అడగండి.

సీటొచ్చాక హాస్టల్. చేరే రోజు బకెట్టు, మగ్గు, పరుపు, మంచి తాళం, ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు కాటన్ ఆప్రాన్లు, స్టీలు పళ్లెం, గ్లాసు, అన్ని కాగితాల ఐదు సెట్ల జిరాక్సులు. మిగతావి అక్కడే కొనుక్కోవచ్చు. ర్యాగింగ్ ఏ రూపంలో వచ్చినా సర్దుకుపోవద్దు. 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. నంబరు ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

డివైడింగ్ మెస్ ఉన్నచోట నెల ఖర్చును తిన్నవాళ్ల మధ్య పంచుతారు కాబట్టి బిల్లు ఒక్కో నెల ఒక్కోలా వస్తుంది. మొదటి నెల బిల్లు చూసి గాబరా పడొద్దు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు అడ్వాన్సు ఎంత, నెల బిల్లు ఎంత అన్నది విడివిడిగా చెప్పండి. లేకపోతే అమ్మానాన్నలు ప్రతి నెలా అంత పంపాలేమోనని బెంగపడతారు.

ఇప్పుడు అందరినీ లోపల తినేసే విషయానికి వస్తాను. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. హెచ్‌సీయూలో మొదటి నెలంతా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, అర్థమైనట్టు తల ఊపాను. మొదటి ఇంటర్నల్‌లో 20కి 7 వచ్చాయి. పేపరు పట్టుకుని హాస్టల్ బాత్రూమ్‌లో ఏడ్చాను. మర్నాడు మా రూమ్మేట్, తను కేరళ అమ్మాయి, నన్ను చెయ్యి పట్టుకుని సార్ గది దాకా తీసుకెళ్లి బయట నిలబడింది.

సార్ పేపరు తీసుకుని పెన్సిల్‌తో ఒక ప్రశ్న కింద గీత గీశారు. ఒక ఎస్‌ఎన్2 రియాక్షన్‌ని మిథనాల్ అనే సాల్వెంట్ (ద్రావణి)లో కాకుండా డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్‌లో చేస్తే వేగం ఎందుకు పెరుగుతుంది అన్నది ప్రశ్న. నేను ఎస్‌ఎన్2 మెకానిజం మొత్తం రెండు పేజీలు, బొమ్మలతో సహా రాశాను. ఒక్క తప్పూ లేదు. "ఇదంతా కరెక్టే. నేను అడిగింది సాల్వెంట్ గురించి" అన్నారు. తర్వాత తెలుగులోనే చెప్పారు: మిథనాల్ హైడ్రోజన్ బంధాలతో న్యూక్లియోఫైల్‌ను, అంటే రియాక్షన్‌లో దాడి చేసే కణాన్ని, చుట్టుముట్టి కదలనివ్వదు, డీఎంఎస్‌ఓకి అలా కట్టేసే హైడ్రోజన్ లేదు, అందుకని న్యూక్లియోఫైల్ స్వేచ్ఛగా వెళ్లి దాడి చేస్తుంది. మూడు లైన్ల జవాబు. నా ఇబ్బంది ఇంగ్లిష్ ఒక్కటే కాదని ఆ గదిలో తెలిసింది. 'ఎందుకు' అని అడిగితే 'ఎలా' అన్నది అప్పజెప్పడం మూడేళ్ల గైడ్ పుస్తకాల చదువు చేసిన పని.

కాబట్టి మొదటి పరీక్ష పేపరు చేతికొచ్చిన వారంలోనే టీచర్ గదికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లలేకపోతే ఎవరినైనా బయట నిలబెట్టుకుని వెళ్లండి. క్లాసులో అందని మాటలు తెలుగు లిపిలోనైనా సరే విన్నది విన్నట్టు రాసుకుని, సాయంత్రం పీహెచ్‌డీ అక్కలను, అన్నలను అడగండి. వాళ్లు విసుక్కుంటారని నేను అనుకున్నాను, ఒక్కరూ విసుక్కోలేదు. హెచ్‌సీయూలో అయితే క్యాంపస్ లోపలి దుకాణాల చోటు షాప్‌కామ్ దగ్గర టీ తాగుతూ ఎన్ని సందేహాలు తీర్చుకున్నానో లెక్కలేదు.

చివరగా ఇంటి బెంగ. మొదటి నెలలో ప్రతి శనివారం ఊరికి పోకండి. నేను మొదటి మూడు వారాలూ వెళ్లాను, ప్రతి ఆదివారం సాయంత్రం బస్టాండ్‌లో మళ్లీ మొదటి రోజే. నాలుగో వారం ఆగిపోయాను. ఆ ఆదివారం కేరళ అమ్మాయి, నేను సైకిళ్ల మీద క్యాంపస్ రాళ్ల మధ్య తిరిగాం, దారిలో తంగేడు పూసి ఉంది. అక్టోబరులో వింగ్ అమ్మాయిలమంతా ఆ తంగేడే కోసుకొచ్చి హాస్టల్ ముందు బతుకమ్మ పేర్చాం. దసరా సెలవులకు ఊరికి వెళ్లేటప్పుడు నేను తిరుగు టికెట్ కూడా ముందే తీసుకున్నాను.