ఎండాకాలంలో మేతకు వెళ్లి వచ్చే ఆవుకు ఇంటి దగ్గర ఏం పెట్టాలి?

మార్చి దాటితే బీళ్లలో పచ్చిక ఉండదు. ఆవు రోజంతా తిరిగి, ఎండు పరకలు కొరుక్కుని, పొట్ట నింపుకునే ఇంటికి వస్తుంది. అయినా నెల తిరిగేసరికి డొక్కలు లోపలికి పోతాయి, పాలు తగ్గుతాయి, ఎదకు రాదు. ఎందుకంటే గడ్డిని అరిగించేది ఆవు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. మేతలో మాంసకృత్తులు 7 శాతం కన్నా తగ్గితే అవి నీరసపడతాయి. గడ్డి అరగక పొట్టలోనే నిలిచిపోతుంది, ఆవు మేత తగ్గించేస్తుంది. వరిగడ్డిలో ఉండేవి 3, 4 శాతమే. ఇంకో మోపు వేసినంత మాత్రాన ఆవు కోలుకోదు.

ముందు వరిగడ్డిని యూరియాతో సుపోషకం చేయండి. ఫిబ్రవరి చివర్లోనే మొదలుపెడితే మంచిది.

1. 100 కిలోల గడ్డి తూకం వేయండి. కంటి అంచనా వద్దు.

2. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగించండి. ఈ నీళ్లను క్షణం కూడా వదిలి వెళ్లకండి. దాహంతో ఉన్న ఆవు వచ్చి తాగితే కొద్దిసేపట్లోనే ప్రాణం పోతుంది. యూరియా బస్తా కూడా పశువు నాలుకకు అందకూడదు. కుడితిలో నేరుగా కలపడం అసలే వద్దు. ఒళ్లు వణికి, నురగ కక్కి, పొట్ట ఉబ్బితే వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

3. టార్పాలిన్ మీద గడ్డిని జానెడు మందాన పరిచి, యూరియా నీళ్లు సమంగా చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కండి. దానిపై మరో పొర.

4. గాలి చొరకుండా కప్పి, అంచుల మీద మట్టి వేసి 21 రోజులు ఉంచండి.

తర్వాత ఒక పక్క తెరిచి, ఆ రోజుకు కావలసినంతే తీసి, ఘాటు పోయేదాకా గంటసేపు ఆరబెట్టండి. మొదట మామూలు గడ్డిలో కొంచెం కలిపి, వారం రోజుల్లో మెల్లగా పెంచాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు.

సాయంత్రం అర కిలో నుంచి కిలో దాకా వేరుశనగ చెక్క పెట్టండి. పాలిచ్చే ఆవుకు, చూడి ఆవుకు ఇంకొంచెం కావాలి. చెక్క కొనలేకపోతే అవిశ ఆకు, సుబాబుల్ రొట్ట, వేరుశనగ కట్టె కూడా బాగా పనిచేస్తాయి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు. రోజూ 30 నుంచి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, చిటికెడు కాదు, గుప్పెడు ఉప్పు.

మేతకు తోలేది తెల్లవారుజామున, మళ్లీ నాలుగు దాటాకే. వెళ్లేముందు, వచ్చాక తొట్టినిండా చల్లని నీళ్లు పెట్టండి. దారిలో నీరందక గిడసబారిన లేత జొన్న చేను ఉంటే అటు తోలకండి. అందులో విషం ఉంటుంది.