బిల్లు సభకెక్కక ముందే మీ కాగితం ఫైల్లో ఉండాలి

సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. చెరువు పరిరక్షణ సంఘాల వాళ్లు, క్వారీ దుమ్ముతో విసిగిన ఊళ్ల వాళ్లు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. "రేపు అసెంబ్లీలో బిల్లు పెడుతున్నారట సార్, ఏం చేద్దాం?" అని. రేపు పెడుతుంటే ఈరోజు చేయగలిగేది కొంచెమే. సభలో జరిగేవి అప్పగింతలు. అభ్యంతరం ఉన్నవాళ్లు పెళ్లిచూపుల నాడే నోరు విప్పాలి.

అధికారపక్షం ఎమ్మెల్యే మన మాట విని ప్రభుత్వ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తాడని ఆశపడకండి. విప్ ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధం) కింద సభ్యత్వానికే ఎసరు. ప్రతిపక్షం ఒక్కోసారి సభలోనే ఉండదు. చాలా బిల్లులు పెట్టిన రోజో మర్నాడో మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. కాబట్టి బిల్లును ఆపడం కన్నా, అందులో ఒక క్లాజును మార్పించడం మీద గురిపెట్టండి. దానికి సరైన చోటు సచివాలయం, సరైన సమయం కేబినెట్‌కు ముందు.

బిల్లు పుట్టేది ఇలా. సంబంధిత శాఖలో సెక్షన్ నోట్ ఫైలు లేపుతుంది. అది కార్యదర్శి దాకా వెళ్లి, మంత్రి సరే అన్నాక ముసాయిదా న్యాయశాఖకు పోతుంది. ఖర్చుంటే ఆర్థికశాఖ కూడా చూస్తుంది. తర్వాత కేబినెట్, ఆ పైన శాసనసభ సచివాలయం. న్యాయశాఖ నుంచి తిరిగొచ్చేలోపు ఏ క్లాజైనా మెత్తగానే ఉంటుంది. కేబినెట్ ఆమోదించాక మార్చాలంటే మంత్రిగారి మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది, అది ఎవరికీ ఇష్టముండదు.

పర్యావరణం అనగానే అందరూ పర్యావరణ, అటవీ, శాస్త్ర సాంకేతిక శాఖకే పరిగెడతారు. నిజానికి చెరువుల్నీ కొండల్నీ తాకే బిల్లులు ఎక్కువగా వేరే శాఖల్లోంచి వస్తాయి: మున్సిపల్, రెవెన్యూ, పరిశ్రమలు, గనులు, పంచాయతీరాజ్. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టాన్నే చూడండి. బోర్లు, ఇసుక, చెట్లు నరకడం అన్నీ అందులో ఉన్నాయి, చూసేది గ్రామీణాభివృద్ధి శాఖ. తెలంగాణలో పురపాలికల బడ్జెట్లో పదిశాతం పచ్చదనానికి కేటాయించాలన్న నియమం 2019 మున్సిపాలిటీల చట్టంలో ఉంది. "లేఅవుట్ల క్రమబద్ధీకరణ", "వ్యాపార సౌలభ్యం", "భూ మార్పిడి సరళీకరణ" అని ఎక్కడైనా వినిపిస్తే చెవులు రిక్కించండి. చెరువు పేరు బిల్లు శీర్షికలో ఎన్నడూ ఉండదు.

ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: వస్తున్నది అసలు బిల్లేనా?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవో 1996లో వచ్చింది. పేరులోనే ఉంది, అది జీవో. 2022లో దాన్ని సడలించిందీ 69 నంబరు జీవోనే. జీవో మార్చడానికి సభ ఓటు అక్కర్లేదు. అలాంటిచోట ఎమ్మెల్యే చేయగలిగింది సభలో ప్రశ్న అడగడం, జీరో అవర్‌లో లేవనెత్తడం. మిగతా పోరాటం శాఖలోనూ కోర్టులోనూ.

సభ తీర్మానం వేరు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అది రాజకీయంగా చాలా పెద్ద విషయం, కానీ చట్టం కాదు. అటువైపు 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ సభ కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) నుంచి మూడో కాంటూరుకు కుదించమని తీర్మానం చేసింది. తీర్మానంతోనే అభయారణ్యం కుంచించుకుపోలేదు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు లేకుండా హద్దులు మార్చడానికి వీల్లేదని వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఒక తీర్మానాన్ని చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు, మరో తీర్మానాన్ని చూసి మిఠాయిలు పంచనక్కర్లేదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం, రాష్ట్రాలు తీర్మానంతో కోరితే పార్లమెంటు చట్టం చేసే రాజ్యాంగం 252వ అధికరణ కింద వచ్చింది. ఆ చట్టానికి 2024లో పార్లమెంటు చేసిన సవరణ చాలా నేరాలకు జైలుశిక్ష తీసేసి, పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. మొదట హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. మిగతా రాష్ట్రాలు కావాలనుకుంటే సభలో తీర్మానం చేసి తెచ్చుకోవచ్చు. అలాంటి తీర్మానం ఎజెండాలో కనబడితే దాన్ని బిల్లుతో సమానంగా చూడాలి. ఐదు నిమిషాల్లో అయిపోతుంది మరి.

ఆర్డినెన్సు వస్తే నీరసపడకండి, ఒక విధంగా అది మేలే. పాఠం మొత్తం గెజిట్‌లో దొరుకుతుంది. సభ మళ్లీ కొలువుదీరిన ఆరు వారాల్లోపు దాని స్థానంలో చట్టం రాకపోతే చెల్లిపోతుంది. అంటే బిల్లులో ఏముంటుందో ముందే తెలిసిపోయింది, రాసుకోవడానికి సమయమూ దొరికింది.

ఇక ముసాయిదా సంపాదించడం. కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది, ముసాయిదా బిల్లులు కనీసం ముప్పై రోజులు జనం ముందుంచాలని. అది కేంద్ర శాఖల కోసం. రాష్ట్రాలను కట్టిపడేయదు. అయినా ఉత్తరంలో ప్రస్తావించండి. దాంతోపాటు 2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం కొత్త ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం ముసాయిదాను జనం ముందు పెట్టి సలహాలు అడిగిన సంగతీ రాయండి. అదే తర్వాత భూభారతిగా సభకు వచ్చింది. "భూమి రికార్డులకు చేసిన పని చెరువులకు ఎందుకు చేయరు?" అన్న ప్రశ్నకు జవాబు రాయడం ఏ అధికారికైనా ఇబ్బందే.

సమాచార హక్కు చట్టం 4(1)(సి) ప్రకారం ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రభుత్వమే ప్రకటించాలి. ఆ సెక్షన్ పేరెత్తి ముసాయిదా అడగండి. కేబినెట్ కాగితాలంటూ 8(1)(ఐ) చూపించి కాదంటారు. అదే సెక్షన్ చివర, నిర్ణయం అయ్యి వ్యవహారం ముగిశాక ఆ కాగితాలు బయటపెట్టాలనీ ఉంది. తేదీ రాసిపెట్టుకుని మళ్లీ అడగండి. సచివాలయానికైతే ఫీజు పది రూపాయలు.

బిల్లు చేతికొచ్చిందా? మొదటి పేజీ నుంచి చదవకండి. పీఠిక ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. "ఉద్దేశాలు, కారణాల ప్రకటన" అనేది వెనకాల ఉంటుంది, ముందు అది చూడండి. ఎందుకు తెస్తున్నామో ప్రభుత్వం తన నోటితో చెప్పిన చోటు అదే. అక్కడ చెప్పినదానికీ లోపలి క్లాజుకూ పొంతన లేకపోతే మీ ఉత్తరంలో మొదటి వాక్యం తయారైనట్టే.

తర్వాత నిర్వచనాలు. చెరువు అంటే ఏమిటని రాశారు? పూర్తి నీటిమట్టం, అదే ఎఫ్‌టీఎల్, దాకానా, నోటిఫై చేసిన హద్దుల దాకానా? ఈ రెంటి మధ్య వందల ఎకరాల శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి, మాయమవుతుంది. అలుగు నుంచి కింది చెరువుకు పోయే కాలువ నిర్వచనంలో ఉందా లేదా? గొలుసుకట్టు చెరువుల్లో కాలువ పోతే చెరువు ఉన్నా లేనట్టే. నిర్వచనం దగ్గర ఓడిపోయాక మిగతా క్లాజులు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

ఆ తర్వాత మినహాయింపులు. "ప్రభుత్వం ప్రజా ప్రయోజనార్థం నోటిఫికేషన్ ద్వారా ఏ ప్రాంతాన్నైనా మినహాయించవచ్చు" అన్న తరహా వాక్యం దాదాపు ప్రతి బిల్లులోనూ చివరి పేజీల్లో దాక్కుని ఉంటుంది. నేను చూసిన ముసాయిదాల్లో అసలు ప్రమాదం ఎక్కువసార్లు అక్కడే ఉండేది. ఆ పైన శిక్షలు, అప్పీలు ఎవరి దగ్గర, ఇతర చట్టాల మీద ఈ చట్టానిదే పైచేయి అనే క్లాజు. ఈ ఆరు చోట్లు చూస్తే చాలు, మిగతాది తీరిక ఉంటే.

ఇప్పుడు ఉత్తరం. సెక్షన్లో ఉత్తరాలకు ఏమవుతుందో చెబుతాను. "పర్యావరణాన్ని కాపాడండి, భావితరాలు క్షమించవు" అని పన్నెండు పేజీలు, నలభై సంతకాలతో వస్తుంది. చదివి, "చూడటమైనది" అని రాసి లాడ్జ్ చేస్తారు, అంటే పక్కన పడేస్తారు. తప్పు వాళ్లది కాదు. దానిమీద నోట్ ఏమని రాయాలి? ఫలానా క్లాజుకు ఫలానా మార్పు అని ఒక్క పేజీ వస్తే అసిస్టెంటు దాన్ని నోట్ ఫైల్లో పేరాగా ఎక్కించక తప్పదు. పైవాళ్లు అవునో కాదో రాయక తప్పదు. కాదన్నా సరే, ఎందుకు కాదన్నారో రేపు ఆర్టీఐలో బయటికొస్తుంది.

ఊరికే ఉదాహరణకు ఇలా:

"క్లాజు 7(2) చివర ఈ వాక్యం చేర్చవలసిందిగా కోరుతున్నాము: అయితే, ఏ చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోని భూమికిగానీ, దాని అలుగు కాలువకుగానీ ఈ మినహాయింపు వర్తించదు. కారణం: ప్రస్తుత పాఠం ప్రకారం చెరువు లోపలి సర్వే నంబర్లను కూడా మినహాయించడానికి వీలుంది. మా మండలంలో ఫలానా చెరువు కింద ఇంత ఆయకట్టు ఉంది, గ్రామ నక్షా జతచేశాము."

అంతే. ఒక క్లాజు, ఒక మార్పు, ఒక కారణం, ఒక ఆధారం. మూడు క్లాజుల మీద అభ్యంతరాలుంటే మూడు వేర్వేరు పేజీలు. శాఖ కార్యదర్శికి ఒకటి, న్యాయశాఖ కార్యదర్శికి ఒకటి, మంత్రి పేషీకి ఒకటి. తపాలులో ఇచ్చి, ముద్ర, తపాలు నంబరు వేసిన నకలు తప్పకుండా తీసుకోండి. ఆ నంబరు లేకపోతే మీరసలు రానట్టే లెక్క. ఈమెయిల్ పంపండి కానీ దానిమీదే ఆధారపడకండి.

ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లేటప్పుడు ఐదుగురు చాలు, అందులో ఇద్దరు ఆయన ఓటర్లయిన రైతులో మత్స్యకారులో అయితే మంచిది. బిల్లు మొత్తం మీద ఉపన్యాసం ఇవ్వకండి. ఆయన చేయగలిగిందే అడగండి: "అన్నా, మంత్రిగారికి ఈ పేజీ మీద ఒక లెటరు రాయండి." అధికారపక్షం సభ్యుడికి అదే సుఖమైన దారి. ప్రతిపక్ష సభ్యుడినైతే సవరణ నోటీసు ఇమ్మనండి, పాఠం మీరే రాసి తీసుకెళ్లండి. సవరణ వీగిపోతుంది, కానీ మంత్రి లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు సభా రికార్డుల్లో ఉంటుంది. రేపు కోర్టులోనూ రూల్స్ రాసేటప్పుడూ ఆ మాట పనికొస్తుంది.

మండలిని జనం చిన్నచూపు చూస్తారు, నాకది నచ్చదు. రెండు రాష్ట్రాల్లోనూ మండలి ఉంది. అందులో పన్నెండో వంతు పట్టభద్రులు, మరో పన్నెండో వంతు ఉపాధ్యాయులు ఎన్నుకున్నవాళ్లు. కాగితం చదివే అలవాటున్నవాళ్లు అక్కడ దొరుకుతారు. మండలి బిల్లును తిరగ్గొట్టలేదు, ఆలస్యం చేయగలదు. మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. ద్రవ్యబిల్లయితే పద్నాలుగు రోజులే. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మండలి ఛైర్మన్ రాజధాని బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి (బిల్లును పరిశీలించే సభ్యుల సంఘానికి) పంపుతున్నానన్నప్పుడు ఎంత గొడవైందో గుర్తుందిగా.

బిల్లు గవర్నరు దగ్గర ఆగినప్పుడు వినతిపత్రం ఇవ్వొచ్చు. అడవులు, వన్యప్రాణులు 1976 నాటి రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల జాబితాలోకి, వచ్చాయి. అక్కడ కేంద్ర చట్టంతో రాష్ట్ర బిల్లు ఢీకొంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. మీ అభ్యంతరం అదే అయితే ఏ కేంద్ర చట్టం, ఏ సెక్షన్ అని స్పష్టంగా రాయండి.

గెజిట్‌లో చట్టం వచ్చాక రెండు విషయాలు చూడండి. మొదటిది, అమల్లోకి వచ్చే తేదీ. "ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి" అని ఉంటే, ఆ నోటిఫికేషన్ వచ్చేదాకా చట్టం కాగితమే. రెండోది, రూల్స్. దరఖాస్తు ఎవరికివ్వాలి, తనిఖీ ఎన్నాళ్లకోసారి, చెట్టుకు ఎంత డిపాజిట్ అన్నవన్నీ రూల్స్‌లోనే తేలతాయి. వాటిని రాసేది మళ్లీ అదే సెక్షన్, అదే టేబులు. అప్పటికి బ్యానర్లు పట్టుకున్నవాళ్లంతా ఇళ్లకు పోయుంటారు కాబట్టి మీ ఒక్క పేజీకి పోటీ ఉండదు. ముందు ఉత్తరం మీది తపాలు నంబరునే ఉటంకిస్తూ, రూల్స్ ముసాయిదా నకలు కావాలని ఒక ఆర్టీఐ వేయండి. దరఖాస్తులో "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, అది సమాచారం కిందికి రాదని కొట్టేస్తారు. "ఫలానా నంబరు ఫైలు నోట్ షీట్ల నకళ్లు ఇవ్వండి" అని అడగండి.