పెచ్చులూడే స్లాబు పని ఒప్పుకునే ముందు

మాది ఆమదాలవలస పక్క. తాపీ పట్టి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు ఎక్కువగా పాత ఇళ్ల రిపేర్లే చేస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి పిలుపొస్తే నేను ముందు టేపు తియ్యను, చిన్న సుత్తి తీస్తాను. నిచ్చెనేసుకుని స్లాబు అడుగంతా జానెడు జానెడుకీ తడతాను. గట్టిగా ఉన్నచోట ఖణేల్మంటుంది, ఊడబోయే చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల చోట్ల చుట్టూ సుద్దతో గీస్తాను. ఇంటివాళ్లు చూపించిన మచ్చ చేటంత ఉంటే, గీతలు కలిసేసరికి సగం గది అవుతుంది. "ఏటి మేస్త్రీ, ఇంత మచ్చకి ఇన్ని డబ్బులా?" అంటారు. సుత్తి వాళ్ల చేతికే ఇచ్చి తట్టమంటాను. కింద పెద్దవాళ్ల మంచం ఉంటే ఆ పూటే పక్క గదిలోకి మార్పిస్తాను, పని నాకిచ్చినా ఇవ్వకపోయినా.

ఉప్పుగాలికో, కాంక్రీటులో కలిపిన ఉప్పునీటికో స్లాబు లోపలి ఇనుప ఊచ తుప్పుపడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటుని కిందికి తోసేస్తుంది. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఊచ మీద 45 మి.మీ. కవరు, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. నేను విప్పిన పాత స్లాబుల్లో అంగుళం ఉంటే గొప్ప. తుప్పు తియ్యకుండా పైన సిమెంటు మెత్తి రంగేస్తే ఏడాది తిరక్కుండా ఊడి మనుషుల మీద పడుతుంది. అలాంటి పని ఒప్పుకోకండి.

చెక్కే ముందు సెంట్రింగ్ జాకీలు, అంటే స్లాబుని కింద నుంచి మోసే ఇనుప ఆనులు, బిగించాలి. ఊచ వెనక వేలు దూరేదాకా చెక్కండి. పొడవునా తుప్పులేని ఊచ కనబడ్డాక ఇంకో రెండంగుళాలు పోవాలి. అక్కడ ఉప్పు మిగిలితే అతుకు పక్కనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మందం కొలవండి. 8 మి.మీ. ఊచ 6కి వచ్చిందంటే చూపుకి కొంచెమే తరిగినట్టుంటుంది గానీ బలం సగానికి దగ్గరగా పోయింది. పక్కన కొత్త ఊచ కట్టి, రెండు వైపులా మంచి ఊచ మీదకి అడుగున్నర పోనివ్వాలి. గదిలో చాలా ఊచలు అలాగే ఉంటే పని ఆపి ఇంజినీరుని పిలవండి. అది మన తాపీతో తేలే పని కాదు.

తర్వాత ఊచకి జింక్ ప్రైమరు, చెక్కినచోట పాతదానికి కొత్తది అంటుకునేలా బాండింగ్ కోటు, అది ఆరకముందే పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారు పలచని వరసలుగా. ఒకే దెబ్బకి మందంగా కొడితే జారిపోతుంది. వారం రోజులు తడి ఆరనివ్వకండి.

పైన నీళ్లు నిలవకుండా మేడ మీద వాలు పది అడుగులకి అంగుళం పైనే ఉండాలి. వాననీళ్లు పోయే గొట్టం నోరు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూస్తే కారేచోటు తెలుస్తుంది. ఈ పరీక్ష కూడా జాకీలు ఉండగానే.

సున్నపు గోడలది వేరే దారి. విజయనగరంలో ఒక పాత పెంకుటింటి గోడకి నేను సిమెంటు పూత పూశాను. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండో వానాకాలానికి పూత అట్టలుగా లేచింది. అంతా గీకి, నా ఖర్చుతోనే నానబెట్టిన సున్నం, ఇసుక ఒకటికి మూడు కలిపి మళ్లీ పూశాను. అప్పటినుంచి ఏ గోడయినా ముందు ఒక మూల గీకి, లోపల ఉన్నది సున్నమో సిమెంటో చూసుకున్నాకే రేటు చెబుతున్నాను.